సైకిల్ దిగే చోటు: ఒంగోలు శివారులో ఒక రోడ్డు

పొద్దున ఎనిమిదీ ఇరవై. ఇద్దరు ఆడపిల్లలు డివైడర్ పక్కన సైకిళ్లు ఆపారు. ఒకమ్మాయి తన బ్యాగు తీసి రెండో అమ్మాయి భుజానికి తగిలించింది. ముందు చక్రం ఎత్తి డివైడర్ మీద పెట్టింది. సీటు కింద చెయ్యి వేసి వెనక చక్రం కూడా లేపింది. ఆ డివైడర్ 45 సెంటీమీటర్ల ఎత్తు, టేపు పెట్టి నేనే కొలిచాను. అవతల దింపేటప్పుడు చెయిన్ ఊడింది. అక్కడే కూర్చుని చెయిన్ ఎక్కించి, వేళ్లకు అంటిన గ్రీజు డివైడర్ పసుపు పట్టీకి తుడిచి, రెండో సైకిల్ ఎత్తడానికి మళ్లీ ఇవతలికి వచ్చింది. ఇదంతా జరుగుతున్నంతసేపూ వాళ్ల వీపు వెనక నుంచి కార్లు, బైకులు, కంకర టిప్పర్లు పోతూనే ఉన్నాయి.

డివైడర్‌లో సందు ఉన్న చోటికి పోయి తిరిగి రావాలంటే అటు 550 మీటర్లు, ఇటు 550 మీటర్లు. బడి గేటు మాత్రం ఎదురుగానే కనపడుతుంటుంది.

నేను సివిల్ ఇంజినీర్‌ని. ఇళ్ల ప్లాన్లు, లేఅవుట్ రోడ్లు, సైడు కాలువల ఎస్టిమేట్లు, పాతికేళ్లుగా ఇదే పని. 2022 నుంచి 2024 దాకా మా శివారులో ఒక ఎనభై అడుగుల రోడ్డును సైకిళ్లకు అనువుగా మార్పించడానికి తిరిగాను. కొంత అయింది, కొంత కాలేదు. కొంత నా చేతులారా చెడింది. మరో ఊళ్లో ఇదే పని మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను.

రోడ్డు సంగతి

మాది ఒంగోలు బైపాస్ అవతల, కర్నూలు రోడ్డు వైపు పెరిగిన శివారు. నేను పనిలోకి వచ్చిన కొత్తలో ఇక్కడ పొగాకు చేలు, మధ్యమధ్యలో ఆకు కాల్చే బ్యారన్లు ఉండేవి. ఇప్పుడన్నీ లేఅవుట్లే. చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మల లారీలు ఈ వైపు నుంచే వస్తాయి. కాలేజీ బస్సులు, అపార్టుమెంట్లకు ఇసుక తోలే ట్రాక్టర్లు, నీళ్ల ట్యాంకర్లు సరే సరి. ఇక కార్లు. మా కాలనీలో బ్యాంకు లోను వచ్చిందంటే ముందు కారు, తర్వాతే కాంపౌండు గోడ.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 45 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. కారు ఉన్న ఇళ్లు 5 శాతం లోపే. మా కాలనీలో నిలబడి చూస్తే ఆ లెక్క తలకిందులైనట్టు కనపడుతుంది. అలా ఎందుకు కనపడుతుందో తెలుసుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

మొదటి ప్రయత్నం, అది ఎందుకు పోయింది

2020లో లాక్‌డౌన్ తర్వాత స్మార్ట్ సిటీస్ మిషన్ వాళ్లు సైకిళ్ల కోసం నగరాల మధ్య ఒక పోటీ పెట్టారు. ఒంగోలు స్మార్ట్ సిటీల జాబితాలో లేదు. అయినా ఆ వార్తలు, ఫొటోలు చూసి నాకూ ఊపు వచ్చింది. 2022 జనవరిలో మేం పదిమందిమి కలిసి ‘సైకిల్ ట్రాక్ కావాలి’ అని ఒక అర్జీ తయారుచేశాం. నెదర్లాండ్స్ ఫొటోలు, రంగు ప్రింట్లు, స్పైరల్ బైండింగ్, అన్ని హంగులూ పెట్టాం. ఒక ఆదివారం పొద్దున హెల్మెట్లు పెట్టుకుని బైపాస్ దాకా ర్యాలీ తీశాం. జిల్లా పేజీలో ఫొటో కూడా పడింది.

అర్జీ తీసుకున్న అధికారి రెండు పేజీలు తిప్పి చూశాడు. “ఈ రోజుల్లో సైకిల్ ఎవరు తొక్కుతున్నారండీ? ఆదివారం వ్యాయామానికైతే స్టేడియం ఉంది కదా” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంటికి వచ్చి ఆ స్పైరల్ పుస్తకం మళ్లీ తిరగేస్తే తెలిసింది, ఆయన అన్నదాంట్లో తప్పేం లేదని. ఫొటోల్లో ఉన్నది మేమే. గేర్ల సైకిళ్లు, నల్ల కళ్లద్దాలు. ఆ పదిమందిలో తొమ్మిది మందికి ఇంట్లో కారుంది, నాతో సహా.

2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన పైన సోలార్ పలకలతో 23 కిలోమీటర్ల ట్రాక్ మొదలైనప్పుడు మా వాట్సాప్ గ్రూపులో అందరూ ఆ వీడియోనే పంపుకున్నారు. అందులో నాకు తప్పేమీ కనపడలేదు. కానీ దాన్ని పట్టుకుని మా రోడ్డు గురించి అడిగితే మళ్లీ స్టేడియమే చూపిస్తారు.

మేస్త్రి గీసిన గీత

2022 ఎండాకాలం నా సైటులో ఒక తాపీ మేస్త్రి పనిచేస్తుండేవాడు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. పక్క ఊరి నుంచి రోజూ సైకిల్ మీదే రాక. హ్యాండిల్‌కు క్యారేజీ, వెనక తాపీ సంచి. ఒకరోజు టీ తాగుతూ ఊరికే అడిగాను.

“ఏం మేస్త్రీ, రోజూ వస్తున్నావు కదా, రోడ్డెట్లా ఉంది?”

“తొక్కేటప్పుడు బాగానే ఉంటది సార్. దిగే కాడే తంటా.”

“దిగటమేంది?”

అతను ఇటుక ముక్క తీసుకుని సెంట్రింగ్ చెక్క మీద ఒక గీత గీశాడు. గీత మీద మూడు అడ్డగీతలు. “ఈడ దిగుతా. ఈడ దిగుతా. ఈ సందు కాడ దిగి తోసుకుంటా పోతా. మళ్లీ ఎక్కేసరికి మోకాలు పట్టేస్తది.”

మొదటిది బైపాస్ అండర్‌పాస్. రెండోది బడి ఎదురుగా డివైడర్. మూడోది టిఫిన్ బండ్లు, ఆటోలు కమ్ముకుని ఉండే మలుపు. పాతికేళ్లుగా రోడ్లు గీస్తున్నా, రోడ్డును ఇలా చూడాలని నాకు ఎప్పుడూ తోచలేదు. మేం ట్రాఫిక్ సర్వే అంటే ఒక చోట కూర్చుని ఎన్ని బండ్లు పోయాయో లెక్కపెడతాం. ఎవరు ఎక్కడ దిగి నడిచారన్న కాలమ్ మా ఫారాల్లో ఉండదు.

లెక్క

అక్కడి నుంచి పని మారింది. ట్రాక్ మాట పక్కన పెట్టి, మేస్త్రి చూపించిన మూడు చోట్లా కూర్చున్నాం. నేను, బడిలో వ్యాయామం మాస్టారు, ఇద్దరు డిప్లొమా కుర్రాళ్లు. పొడుగు నోటుబుక్కులో రెండు కాలమ్‌లు: ‘తొక్కుతూ దాటారు’, ‘దిగారు’. ఐదేసి గీతలకు ఒక కట్ట.

మొదటి రోజు తొమ్మిది నుంచి పది దాకా కూర్చున్నాం. సైకిళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. టీ కొట్టాయన నవ్వాడు. “సైకిలోళ్లు తొమ్మిదింటికి రోడ్డు మీద ఏం చేస్తారు సార్? ఈపాటికి పనిలో ఉంటారు.”

మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకు వెళ్లాం. పాల క్యాన్లు కట్టుకున్నవాళ్లు, పేపర్ కుర్రాళ్లు, అడ్డాకు పోయే కూలీలు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో షిఫ్టు మారేవాళ్లు. ఇళ్లలో పనికొచ్చే ఆడవాళ్లలో కొందరు సైకిల్ మీద రావడం నేను అప్పుడే చూశాను. వాటిలో కొన్ని కూతుళ్లకు బళ్లో ఇచ్చిన సైకిళ్లు. పొద్దున తల్లి పనికి తొక్కుతుంది, ఎనిమిదికల్లా ఇంటికి చేరిస్తే కూతురు బడికి తొక్కుతుంది. ఏడు దాటేసరికి సైకిళ్ల కింద మూడు పేజీలు నిండాయి. కార్ల పేజీ సగం ఖాళీగానే ఉంది.

అధికారికి కనపడనిది, నాకు కనపడనిది ఇదే. మేం లేచి బయటికొచ్చే వేళకు సైకిళ్లు రోడ్డు దాటేసి ఉంటాయి. సాయంత్రం మేం ఏసీ కారులో వచ్చేటప్పుడు, లైటు లేని సైకిల్ రోడ్డు అంచున చీకట్లో కలిసిపోయి ఉంటుంది.

డివైడర్ దగ్గర ‘దిగారు’ కాలమే పొడుగు. ‘తొక్కుతూ దాటారు’ కింద నాలుగైదు గీతలు, అవీ దూరపు సందు దాకా వెళ్లి వచ్చినవాళ్లవి. వ్యాయామం మాస్టారు తరగతుల్లో చేతులెత్తించారు. ఇంట్లో సైకిల్ ఉన్నవాళ్లు ఎత్తమంటే గది నిండా చేతులు లేచాయి. దాని మీదే బడికి వచ్చేవాళ్లు ఉంచమంటే చాలా దిగిపోయాయి. ఎందుకని అడిగితే జవాబు ఒక్కటే: “డివైడర్ కాడ మా అమ్మ వద్దంది సార్.”

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. ఈ పనికి యాప్‌లు, డ్రోన్లు, కన్సల్టెంట్ రిపోర్టులు అక్కర్లేదు. గీతలు గీసిన నోటుబుక్కు జిరాక్సులకు ఆఫీసులో ఉన్న విలువ కంప్యూటర్ గ్రాఫుకు లేదు. గ్రాఫు చూస్తే ‘ఎక్కడి నుంచో తెచ్చారు’ అనుకుంటారు. టీ మరక పడిన పేజీ చూస్తే కూర్చుని లెక్కపెట్టారని తెలుస్తుంది.

కాగితాలు

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేలాలి. వార్డు సచివాలయంలో రోడ్లు, కాలువలు చూసే ఎమినిటీస్ సెక్రటరీని అడిగితే “కల్వర్టు దాకా మాది సార్” అన్నాడు. కల్వర్టు తర్వాత ఎవరిదో చెప్పలేకపోయాడు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. మన రాష్ట్రంలో ఫీజు పంచాయతీ స్థాయిలో లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 రోజుల గడువు. మూడు ప్రశ్నలే అడిగాను: రోడ్డు ఎవరి రిజిస్టర్లో ఉంది, డివైడర్‌కు మంజూరైన డ్రాయింగు కాపీ, సందులు మార్చి ఉంటే ఆ ఉత్తర్వు కాపీ. ‘ఎందుకు’ అని అడిగితే జవాబు రాదు. కాపీ అడిగితే వస్తుంది.

జవాబు వచ్చింది. కల్వర్టు ఇవతల కార్పొరేషన్, అవతల రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ, అంటే ఆర్ అండ్ బి. అసలు సంగతి డ్రాయింగులో ఉంది. మంజూరైన డ్రాయింగులో బడి ఎదురుగా సందు ఉంది! రెండోసారి డివైడర్ పని జరిగినప్పుడు దాన్ని మూసేశారు. మూయమన్న కాగితం మాత్రం ఏదీ లేదు. ఎవరు మూయించారన్నదాని మీద మా కాలనీలో మూడు కథలున్నాయి, అవి ఇక్కడ అనవసరం. అప్పటిదాకా కొత్త సౌకర్యం అడుగుతున్నాం అనుకున్నవాళ్లం, ఇక నుంచి మంజూరైనది తిరిగి ఇమ్మని అడగొచ్చు. ఫైలు మీద ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

కొత్త అర్జీ నాలుగు పేజీలు. మొదటి పేజీలో ఆడపిల్లలు సైకిల్ ఎత్తుతున్న ఫొటో, ముఖాలు కనపడకుండా వెనక నుంచి తీసింది. రెండోది నోటుబుక్కు పేజీ, మూడోది పాత డ్రాయింగు. నాలుగో పేజీలో నియమాలు: సైకిల్ ట్రాకుల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లో సవరించిన ఐఆర్‌సీ 11, 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198ఎ సెక్షన్. రోడ్డు డిజైన్లో భద్రతా ప్రమాణాలు పాటించకుండా మరణానికో అంగవైకల్యానికో కారణమైతే లక్ష రూపాయల దాకా జరిమానా అని ఆ సెక్షన్ చెప్తుంది. దాన్ని చివర్లో పెట్టడం కావాలనే. మొదటి పేజీలో సెక్షన్ కనపడితే అధికారి దాన్ని బెదిరింపుగానే చదువుతాడు, ఇక మన మాట చెవికెక్కదు.

సోమవారం గ్రీవెన్స్‌కు మూడు వారాలు తిరిగాను. అప్పట్లో దాని పేరు స్పందన, ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటున్నారు, మా వాళ్లకు ఎప్పుడూ గ్రీవెన్సే. మూడో సోమవారం అర్జీ ఒక డిప్యూటీ ఇంజినీరు (డీఈ) దగ్గరికి వెళ్లింది. ఆయన డ్రాయింగు చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక మాట చెప్పాడు, ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన మాట. “కొత్త పనిగా పెడితే ఏడాది పడుతుంది సార్. ఆ రోడ్డుకు సైడు కాలువ పని ఎలాగూ రాబోతోంది. అందులో చేర్చమని అడగండి, నోట్ పెడతాను.”

కాలువ తవ్వితే రోడ్డు అంచు ఎలాగూ పగులుతుంది. తిరిగి వేసేటప్పుడు ఎక్కడ వేయాలన్నది డ్రాయింగు ప్రశ్న. అంతవరకూ ఖర్చు కాలువ పద్దులోనే ఉంటుంది.

కాలనీ మీటింగు

ఆఫీసుల కంటే ఇది కష్టమైంది. వినాయకుడి గుడి మంటపంలో ఆదివారం సాయంత్రం మీటింగు. నలభై మంది దాకా వచ్చారు. బ్యాంకులో మేనేజరుగా రిటైరైన పెద్దాయన మొదటే లేచారు.

“ఏమండీ ఇంజినీరుగారూ, రేపు మా ఇంటికి చుట్టాలొస్తే కారు ఎక్కడ పెట్టాలి?”

“మీ గేటు లోపల రెండు కార్లు పడతాయి కదండీ.”

“ఒకటి మాది, ఒకటి మా అబ్బాయిది. చుట్టాలది?”

అందరూ నవ్వారు గానీ ప్రశ్న నిజమైనదే. దానికి నా దగ్గర జవాబు లేదు. ట్రాక్ వేస్తే షాపులు దెబ్బతింటాయని మందుల షాపాయన, ర్యాంపు కొడతారని ముగ్గురు ఇళ్లవాళ్లు, ‘ఈ ఎండలో సైకిలేంది’ అని నలుగురు. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండ సంగతి నాకు చెప్పాలా? కానీ ఆ ఎండలో తొక్కేవాళ్లు మన సలహా కోసం ఆగలేదు, తొక్కుతూనే ఉన్నారు. ఆ మాటే అన్నాను, కొంచెం గట్టిగానే అన్నాను, అనకుండా ఉండాల్సింది. మీటింగు ఏమీ తేలకుండా ముగిసింది.

తర్వాతి వారం మీటింగు పెట్టలేదు. ఒక్కొక్క ఇంటికి వెళ్లాను. అక్కడ మాటలు వేరు. మంటపంలో కారు గురించి మాట్లాడిన మనిషే ఇంట్లో మనవరాలి గురించి మాట్లాడాడు. మేనేజరుగారి భార్య కాఫీ ఇస్తూ “మా పనమ్మాయి రోజూ ఆ డివైడర్ ఎక్కి దూకుతుంది, ఏదో ఒకరోజు పడుతుంది, అప్పుడు ఈయనే ఆటో పిలవాలి” అన్నారు. ఆయన ఏమీ అనలేదు.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. బడి వైపున్న అంచు సైకిళ్లకు. ఎదురు వైపు పార్కింగ్ ఉన్నట్టే ఉంటుంది. ట్రాక్‌ను తారు నుంచి వేరుచేసే అంచు రాళ్ల వరసను, అంటే కెర్బును, ప్రతి గేటు దగ్గరా ఆపేస్తాం. కాలువ దాటని ర్యాంపుల జోలికి వెళ్లం, దాటినవి అంతమేరకే కోస్తాం. ఇంజినీరుగా నాకిది మింగుడు పడలేదు. ఒక వైపే ట్రాక్ అంటే పిల్లలు దాంట్లోనే ఎదురొస్తారు. అయినా రెండు వైపులా అడిగి ఉంటే ఒక్క వైపు కూడా వచ్చేది కాదు.

80 సెంటీమీటర్లు

కొలతలు చెప్పకపోతే ఈ పని అర్థం కాదు. ఎనభై అడుగులంటే 24 మీటర్ల పైచిలుకు. మధ్యలో డివైడర్ 1.2 మీటర్లు, చెరో పక్క తారు 7 మీటర్లు, మిగతాది తారు పక్క మట్టి అంచు (బెర్ము), కాలువ. కరెంటు స్తంభాలు తారు అంచుకు 1.8 మీటర్ల దూరంలో వరసగా ఉన్నాయి. సైకిళ్లు ఒకదాన్నొకటి దాటాలంటే 2 మీటర్లు కావాలి, కెర్బుకు మరో 30 సెంటీమీటర్లు. అంటే 2.3 మీటర్లు. స్తంభాలు అడ్డం. స్తంభాలు జరపాలంటే కరెంటు వాళ్లకు షిఫ్టింగ్ చార్జీలు కట్టాలి, అవి కాలువ పద్దులో లేవు.

మిగిలిన దారి తారు లోపలికి రావడం. 7 మీటర్లలో రెండు లేన్లంటే ఒక్కోటి 3.5, కాలనీ రోడ్డుకు అది ఎక్కువ. బస్సు వెడల్పు 2.6 మీటర్లకు మించదు. 3.1 చాలు. అలా ఒక పక్క 80 సెంటీమీటర్లు దొరికాయి. 1.8కి అది కలిపితే 2.6. కెర్బు, ట్రాక్ పోగా స్తంభానికి 30 సెంటీమీటర్ల ఎడం మిగిలింది. ఇరుకే. లేను సన్నబడితే ప్రమాదాలని ఒక అసిస్టెంట్ ఇంజినీరు అభ్యంతరం చెప్పాడు. లేను వెడల్పుగా ఉంటేనే కాలు యాక్సిలరేటర్ మీద బిగుస్తుందని, సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణం పోయే ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క చూపించాను. ఆయన ఒప్పుకున్నాడో, డీఈ నోట్ ఉందని ఊరుకున్నాడో తెలియదు.

కెర్బుకు కాంక్రీటు దిమ్మలు ఎస్టిమేట్లో లేవు. కానీ మన ఊళ్లో రాయికి కరువా? పాలిషింగ్ యూనిట్ల వెనక కటింగ్ పీసులు గుట్టలుగా పడి ఉంటాయి. ఒక యూనిట్ వాళ్లు ట్రాక్టర్ తెచ్చుకుంటే తీసుకుపొమ్మన్నారు. రంపం కోసిన నల్లరాయి, మీద వెండి చుక్కలు. అవే వరసగా పాతాం. ఎత్తు 15 సెంటీమీటర్లు, మూడేసి మీటర్లకు వాన నీళ్లు పోయేందుకు సందు. ట్రాక్ వైపు ముఖం మాత్రం ఏటవాలుగా చెక్కించాం. తొక్కేటప్పుడు పెడల్ కిందకు వస్తే నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు, నిలువు రాయైతే పెడల్ తగిలి మనిషి బోర్లా పడతాడు. ఈ సంగతి చెప్పింది కూడా మేస్త్రే.

డివైడర్ సందు దగ్గర ఇంకో చిక్కు. సైకిల్ పొడవు 1.8 మీటర్లు, డివైడర్ వెడల్పు 1.2. పిల్ల సగం రోడ్డు దాటి మధ్యలో ఆగితే వెనక చక్రం తారు మీద ఉంటుంది. అందుకని అక్కడ డివైడర్‌ను చెరో పక్క 30 సెంటీమీటర్లు ఉబ్బించాం, సందును నేరుగా కాకుండా ఎడమకు ఏటవాలుగా కోశాం. అవతలి సగంలో బండ్లు ఎడమ నుంచే వస్తాయి కాబట్టి సైకిల్ ఆగినప్పుడు ముఖం అటే ఉంటుంది. తమాషా ఏమిటంటే బడి నుంచి తిరిగి వచ్చేవాళ్లకూ అదే కోత ఎడమకే వాలుతుంది. కాగితం మీద గీసి చూసుకోండి. దానికి ముందూ వెనకా తారును 10 సెంటీమీటర్లు ఎత్తుచేసి, పైన చదునుగా, జీబ్రా గీతలు వేయించాం. స్పీడ్ బ్రేకర్ అంటే అందరూ తిడతారు గానీ దీన్ని ఎవరూ తిట్టలేదు. కారు నడుము విరక్కుండా నెమ్మదిగా ఎక్కి దిగుతుంది.

ట్రాక్ పైన ఇంటర్‌లాకింగ్ టైల్స్ వేద్దామని కాంట్రాక్టరు పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. టైల్స్ మీద సైకిల్ గజగజలాడుతుంది, పాల క్యాన్ కట్టినవాడికి నరకం. చీపురు గీతలు వేసిన సాదా కాంక్రీటే వేయించాను.

నా తప్పు

మొత్తం 640 మీటర్లు 2023 వానాకాలం లోపు అయింది. అయిన మూడో వారం ఎనిమిదో తరగతి పిల్ల ట్రాక్ మధ్యలో పడింది. ఎదురుగా బండి లేదు, గుంత లేదు. మోచెయ్యి చీరుకుపోయింది. పక్కన మందుల షాపాయనే దూది పెట్టి, టీటీ ఇంజెక్షన్‌కు పంపించాడు. ఆ రోజే మోకాళ్ల మీద కూర్చుని చూశాను.

తారు లోపలికి 80 సెంటీమీటర్లు వచ్చాం కదా. అందులో కెర్బు 30 పోతే ట్రాక్‌లో 50 సెంటీమీటర్లు పాత తారు, మిగతా మీటరున్నర కొత్త కాంక్రీటు. రెండూ కలిసే జాయింటు రోడ్డు పొడవునా, చక్రం పోయే దిక్కులోనే ఉంది. తారు కంటే కాంక్రీటు ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు. కారుకు అది లెక్కే కాదు. సైకిల్ టైరు మాత్రం ఆ అంచు వెంట జారి, హ్యాండిల్ తిప్పినా ఎక్కదు, మనిషి పక్కకు ఒరిగిపోతాడు. సరిగ్గా కెర్బుకు అరమీటరు దూరంలో, అంటే ఎదురొచ్చే సైకిల్‌కు దారి ఇవ్వడానికి పిల్లలు జరిగే చోట!

కాంట్రాక్టరును తిట్టాను గానీ డ్రాయింగు నాది. రోడ్డు అడ్డకోత బొమ్మలో కాంక్రీటు ఎంత ఎత్తున ఉండాలో రాయలేదు. ‘ప్రస్తుత తారుకు సమంగా’ అన్న మూడు మాటలు రాసి ఉంటే సరిపోయేది. కట్టర్ తెప్పించి ఆ అరమీటరు తారు పట్టీని కెర్బు దాకా కోయించి, కాంక్రీటు పోయించాం. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న తగాదా నెల రోజులు నడిచింది. చివరికి కాంట్రాక్టరు కూలి, నేను సిమెంటు. ఆ నెల రోజులూ జాయింటు మీద సున్నంతో తెల్లగీత గీసి, పొద్దున బడి వేళకు వ్యాయామం మాస్టారు అక్కడ నిలబడ్డారు.

మీరు ఉన్న రోడ్డు పక్కన కొత్తగా కలిపి ట్రాక్ వేయిస్తుంటే జాయింటు కెర్బు మొదట్లో ఉండేటట్టు చూసుకోండి, ట్రాక్ మధ్యలోకి రానివ్వకండి.

తర్వాత

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వానకు కెర్బు సందులు పనిచేశాయి, రోడ్డు నీళ్లు కాలువలోకి పోయాయి. రెండు చోట్ల సందులకు ప్లాస్టిక్ కవర్లు అడ్డంపడి ట్రాక్ మునిగింది.

డివైడర్ దగ్గర ఎత్తడాలు ఆగిపోయాయి. మళ్లీ నోటుబుక్కు పట్టుకుని కూర్చుంటే ఆ చోట ‘దిగారు’ కాలమ్‌లో పడినవి చాలావరకు ముసలివాళ్లవే. ఒక రకంగా ఈ మొత్తం పనిలో గట్టిగా నిలిచింది ఆ సందు ఒక్కటే. 640 మీటర్ల ట్రాక్ కంటే దానికి అయిన ఖర్చు ఎంతో తక్కువ. మళ్లీ మొదలుపెడితే ముందు సందే అడుగుతాను, ట్రాక్ గురించి తర్వాత ఆలోచిస్తాను.

ట్రాక్‌లోకి బైకులు వస్తున్నాయి. రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లకు అది అడ్డదారి అయింది. ఇనప గుంజలు పాతుదామంటే సైకిల్ పట్టే సందులో బైకూ పడుతుంది, బైకు పట్టకుండా బిగిస్తే తోపుడు బండి, చక్రాల కుర్చీ ఆగిపోతాయి. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. బడి వేళల్లో ఒక కానిస్టేబుల్ నిలబడ్డ వారం బైకులు రాలేదు, ఆయన వేరే డ్యూటీకి వెళ్లిన మర్నాడే వచ్చాయి. ఒక అపార్టుమెంట్ వాళ్లు నీళ్ల ట్యాంకర్ తిరగడం లేదని రాత్రికి రాత్రే నాలుగు కెర్బు రాళ్లు పీకేశారు. అక్కడ గేటు సందు ఇంకొంచెం వెడల్పు చేసి ఉండాల్సింది. ఆ అపార్టుమెంట్‌లో నేను ఎవరితోనూ మాట్లాడలేదు, ఇళ్లకు మాత్రమే వెళ్లాను.

చుట్టాల కారు సమస్య మాత్రం అనుకున్నంత రాలేదు. సంక్రాంతికి నాలుగు రోజులు ట్రాక్ నిండా కార్లే. నేనేమీ అనలేదు. ఐదో రోజు మేనేజరుగారే గేట్ల దగ్గరికి వెళ్లి తీయించారని విన్నాను.

కల్వర్టు అవతలి ముక్క ఆర్ అండ్ బి పరిధిది. దానికి ప్రతిపాదన వెళ్లింది. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, ఫైలు అక్కడే ఆగింది. ఎన్నికలయ్యాక పద్దులు మారాయి, సీట్లలో మనుషులు మారారు, నేను మళ్లీ మొదటి పేజీ నుంచి చెప్పుకుంటూ వస్తున్నాను.

మేస్త్రి గీసిన మూడు అడ్డగీతల్లో టిఫిన్ బండ్ల మలుపు కొంత సర్దుకుంది. బండ్లవాళ్లను తరమకుండా కాలువ పలకల మీదికి మూడడుగులు వెనక్కి జరగమంటే జరిగారు, ఆటోలు జరగలేదు. అండర్‌పాస్ మాత్రం ఇంకా అలాగే ఉంది. హైవే పరిధి వేరు, సర్వీసు రోడ్డు వేరు, లోపల నిలిచే నీళ్లు ఎవరివో తేలలేదు. వాన పడితే మోకాటి లోతు, ఎండ కాస్తే గ్రానైట్ లారీలు తిరిగే మలుపు. పోయిన శుక్రవారం పొద్దున ఆరింటికి నోటుబుక్కుతో అక్కడ కూర్చున్నాను. ‘తొక్కుతూ దాటారు’ కింద ఒక్క గీత లేదు. మేస్త్రి కూడా దిగి, నన్ను చూసి చెయ్యూపి, తోసుకుంటూ పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు నేనూ దిగాను.